చెవి ఎవరి దగ్గర?

కుట్టు షెడ్డులో కరెంటు పోవడంతో ఆ రోజు కోడలు మధ్యాహ్నానికే అత్తను తీసుకువెళ్ళడానికి బయలుదేరింది. రోజూ సాయంత్రం వచ్చే మనిషి అలా వేళ కాని వేళలో రాకపోయి ఉంటే, పురపాలక సంఘం నడిపే వృద్ధుల పగటి కేంద్రంలో తలుపు వెనక ఏం జరుగుతున్నదో ఆమెకు ఇంకొంతకాలం తెలిసేది కాదు.

వీధి మలుపులోనే చప్పుడు వినిపించింది. ఎవరో చెక్క మీద పిడికిళ్ళతో బాదుతున్నారు. దగ్గరకు వస్తే తలుపుకు బయట తాళం. ఆ పక్కనే నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు ఫోను చూసుకుంటున్నాడు.

"తలుపు తియ్యండి."

"తాళంచెవి టీ తాగడానికెళ్ళిందమ్మా. వచ్చేస్తుంది."

"తాళంచెవి టీ తాగడమేంటి?"

"అదే, తాళంచెవి ఉన్నోడు."

లోపలి నుంచి ఒక గొంతు ఆగకుండా అడుగుతోంది. "చెవి ఎవరి దగ్గర? చెవి ఎవరి దగ్గరే?" ఆ గొంతు తన అత్తది.

తాళంచెవి ఉన్నవాడు టీ తాగి నింపాదిగా వచ్చాడు. తలుపు తెరిచేసరికి ముసలామె గుమ్మం మీద కూలబడింది. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. రెండు చెవుల్లోనూ దూది.

"ఈ దూదేంటి?"

"వారం రోజులుగా చెవి, చెవి అని ఒకటే గోలండీ. చెవిపోటనుకుని చుక్కలేసి దూది పెడుతున్నాం. మీరు కంగారు పడతారని సాయంత్రానికి తీసేస్తున్నాం." సూపర్‌వైజరు తన శ్రద్ధను మెచ్చుకుంటారనే చూశాడు.

కోడలు అత్తకు ఎదురుగా కూర్చుని, "అత్తా, నీ చెవుల్లో దూది తియ్యనా?" అని అడిగి, ఆమె తల ఊపిన తర్వాతే చెయ్యి వేసింది.

అత్తను అందరూ కండెలత్త అంటారు. వయసులో ఉన్నప్పుడు నూలు మిల్లులో కండెలు చుట్టిన మనిషి. ఆ మిల్లులో తాళంచెవిని చెవి అనే అనేవారు. యజమాని కండెల విభాగం గుమ్మంలో ఉండే కాపలావాణ్ణి మాన్పించి, ఆ జీతం మిగుల్చుకుని, తలుపుకు తాళం వేయించాడు. పనివేళలో ఆడవాళ్ళు బయటికి పోకుండా ఉంటారన్నది పైపెచ్చు లాభం. పత్తికి నిప్పంటుకున్న రోజున చెవి మేస్త్రీ దగ్గర ఉంది, మేస్త్రీ ఇంకెక్కడో ఉన్నాడు. లోపలున్నవాళ్ళు చివరిదాకా అడిగిన మాట అదొక్కటే. కిటికీకి దగ్గరగా ఉన్న కొందరు బతికారు. విచారణ జరిపినవారు దానిని ప్రమాదం అన్నారు.

కండెలత్త ఆ తర్వాత ఏళ్ళ తరబడి మరో చోట పని చేసింది, కొడుకును పెంచింది, కోడలిని తెచ్చుకుంది. మంట గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు. వయసు మీదపడి కొత్త జ్ఞాపకాలు జారిపోవడం మొదలయ్యాక, అడుగునున్న పాతది పైకి తేలింది. స్నానాలగది తలుపు వేస్తే అరిచేది. వెనక నుంచి భుజం పట్టుకుంటే కొరికేది. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు కనుక ఆ కాట్లన్నీ కోడలి చేతుల మీదే పడ్డాయి. తనంటే గిట్టకే కొరుకుతోందని కోడలు ఎన్నో రోజులు ఏడ్చింది.

ఆ ఏడుపును ఆపింది ఈ కేంద్రమే. మిల్లు బాధితులు పురపాలక కార్యాలయం ముందు పడిగాపులు పడి, లాఠీలు తిని సాధించుకున్న కేంద్రమది. అక్కడ పనిచేసేవారికి నేర్పిన పద్ధతి చూడటానికి అతి మామూలుగా ఉండేది: ఎదురుగా వచ్చి పలకరించాలి, ముట్టుకునే ముందు అడగాలి, తలుపు మూయకూడదు. వారానికొక మధ్యాహ్నం ఇంటివాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడించేవారు. అత్త కొరికేది తనను కాదనీ, మంటలో తనను వెనక్కు లాగిన చేతులననీ కోడలికి తెలిసింది అలాంటి ఒక మధ్యాహ్నమే. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నది.

ఇక గుమ్మంలో ఒక మనిషి ఉండేది. గుమ్మం అక్క. ఆమె ఉద్యోగం అక్కడ కూర్చోవడం. కండెలత్త రోజుకు ఎన్నోసార్లు లేచి వచ్చి, "చెవి ఎవరి దగ్గర?" అనేది. గుమ్మం అక్క ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే విని, "తాళమే లేదత్తా, చెవెందుకు? చెయ్యి బయట పెట్టి చూడు," అనేది. ముసలామె చెయ్యి గుమ్మం దాటించి, గాలి తగిలాక, తిరిగి వెళ్ళి కూర్చునేది.

నిధులు తగ్గించాలని పైవాళ్ళు అనుకున్నప్పుడు ముందుగా కంటబడింది ఈమే. ఊరికే కూర్చునే మనిషికి జీతమేమిటన్నారు. ఇంటివాళ్ళ మధ్యాహ్నాలను కాలక్షేపం అన్నారు. రెండూ పోయాయి, కేంద్రం కాంట్రాక్టరు చేతికి వెళ్ళింది. గుమ్మం ఖాళీ అయిన కొద్దిరోజులకే, ఒకప్పుడు మిల్లులో బాయిలరు చూసుకున్న బాయిలరు తాత కేంద్రం నుంచి బయటికి నడిచిపోయి, కాలిన మిల్లు మొండిగోడల దగ్గర దొరికాడు. ఆయన కొడుకు, బస్సు కండక్టరు, మరికొందరిని వెంటబెట్టుకుని కాంట్రాక్టరు మీదికి వెళ్ళాడు. "ఏదో ఒకటి చెయ్యండి. తాళమైనా వెయ్యండి!" ఏళ్ళుగా అడిగిన పంకాలూ మంచాలూ రాలేదు గాని, తాళం మాత్రం మర్నాడే వచ్చింది.

*

కరెంటు వచ్చేలోపు కుట్టు షెడ్డులోనే అందరూ చేరారు. మిషన్ల మధ్య నేల మీద కూతుళ్ళు, కోడళ్ళు, కొడుకులు. కండెలత్త గుడ్డల మూటకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. వేళ్ళకు కట్లు.

"తాళం తీయించాలి," అంది కోడలు.

"తీస్తే మా నాన్నని ఎవరు పట్టుకుంటారు, నువ్వా?" కండక్టరు లేచాడు. "ఔను, తాళం నేనే అడిగా. బస్సు నిండా జనం ఉంటారు, జేబులో ఫోను మోగుతుంది, గుండె జారిపోతుంది. ఈ వారం మోగలేదు. హాయిగా ఉంది నాకు. తిట్టుకుంటే తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు.

"నాకూ హాయిగానే ఉందన్నా," అంది కోడలు. "ఈ వారం ఒక్క కుట్టు తప్పు పోలేదు. మేనేజరు కూడా మెచ్చుకున్నాడు. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో ఇవాళ చూశా. మా అత్త వేళ్ళ మీద తోలు నుంచి వచ్చింది."

"అయితే ఏం చెయ్యమంటావ్? పనులు మానేసి మనమే గుమ్మంలో కూర్చుందామా?"

"కూర్చోమంటే నేను రెడీ," అంది షెడ్డులో ఇస్త్రీ చేసే ఆవిడ. "పొద్దస్తమానం నిలబడి నా కాళ్ళు కొయ్యలైపోయాయి."

నవ్వు లేచి, త్వరగానే అణిగింది. కబురందుకుని వచ్చిన గుమ్మం అక్క మాట్లాడింది. "వరస చూడు తమ్ముడూ. ముందు నన్ను తీసేశారు. తర్వాత మీ నాన్న బయటికెళ్ళాడు. తర్వాత నీకు భయమేసింది. భయమేసినవాడు ఏది కనపడితే అది అడుగుతాడు. నీకు కావాల్సింది మనిషి. వాళ్ళు ఇనుము ఇచ్చారు."

"మనిషిని అడిగితే ఇస్తారా వాళ్ళు?"

"ఇవ్వరు. ఇంతకుముందు మాత్రం ఇచ్చారా? మా అత్తావాళ్ళు లాక్కున్నారు," అంది కోడలు.

నిద్రపోతోందనుకున్న కండెలత్త కళ్ళు తెరవకుండానే అంది: "మా మిల్లులోనూ అంతే. కాపలావాణ్ణి పంపించేసే తాళం పెట్టాడు."

కండక్టరు మెల్లిగా కూర్చున్నాడు గాని ఒప్పుకోలేదు. "రేపు అధికారిని అడుగుదాం," అన్నాడు. "మర్యాదగా."

*

మర్యాదగానే వెళ్ళారు. అధికారి గదికి అద్దాల తలుపు. వదిలితే దానంతటదే మూసుకుంటుంది. కండెలత్త దానికి కాలు అడ్డం పెట్టి నిలబడింది.

"చల్లగాలి పోతోంది, తలుపు వదలండమ్మా," అన్నాడు అధికారి.

"వదలదు సార్. అందుకే వచ్చాం," అంది కోడలు.

ఆయన చెడ్డగా మాట్లాడలేదు. నిధుల కొరత గురించి చెప్పాడు, ప్రాధాన్యతల గురించి చెప్పాడు. "మీ బాధ నాకర్థమైంది. కానీ గుమ్మంలో ఊరికే కూర్చునే మనిషికి ప్రజల సొమ్ము ఎలా ఇమ్మంటారు?"

"మరి నువ్వేం చేస్తున్నావు నాయనా, నిలబడ్డావా?" అంది కండెలత్త.

బయట బంట్రోతు దగ్గుతున్నట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. అధికారి ముఖం ముడుచుకుంది. "తాళం భద్రత కోసం. పైగా మీరే అడిగారు." ఆయన చూపు కండక్టరు మీద ఆగింది. కండక్టరు తల వంచుకున్నాడు. "ఇష్టం లేనివాళ్ళు తమ పెద్దల్ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఎవరూ బలవంతపెట్టలేదు."

"చెవి ఎవరి దగ్గర?" అని ముసలామె ఆయననే అడిగింది.

"చెవా? పాపం, ఆవిడ చెవికేమైంది?" అన్నాడు అధికారి.

*

ఇంట్లో ఉంచుకోగలిగినవాళ్ళు ఉంచుకున్నారు. కోడలు అత్తను షెడ్డుకు వెంటబెట్టుకెళ్ళి మిషను పక్కన కూర్చోబెట్టుకుంది. మేనేజరు గొణుగుడు మింగింది. బస్సులో తండ్రిని కూర్చోబెట్టుకోవడం కండక్టరుకు కుదరలేదు. బాయిలరు తాతను తాళం వెనకే వదిలాడు.

ఒక మిట్టమధ్యాహ్నం కేంద్రం వెనక స్థలంలో ఎవరో చెత్త తగలబెట్టారు. పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. మంట లేదు. బాయిలరు దగ్గర జీవితమంతా గడిపిన మనిషికి పొగ చాలు. ఆయన తన తోటివాళ్ళను కాపాడటానికి తలుపును భుజంతో ఢీకొన్నాడు. మళ్ళీ ఢీకొన్నాడు. చెవి టీ కొట్టు దగ్గర ఉంది. అది తిరిగి వచ్చి తలుపు తెరిచేసరికి, తలుపుకు ఆనుకుని ఉన్న తాత దానితోపాటు బయటికి ఒరిగాడు.

"పెద్దవయసు. గుండె ఆగింది," అన్నాడు కాంట్రాక్టరు. గుండె ఆగిన మాట నిజమే. ఎందుకు ఆగిందని ప్రశ్నించవలసినవారు ఎవరూ ప్రశ్నించలేదు.

కండక్టరు బస్సు దిగి, భుజాన టికెట్ల సంచితోనే వచ్చాడు. తండ్రి కనురెప్పలను చేత్తో మూశాడు. లేచి, తలుపు లోపలి వైపు, భుజం తగిలిన చోట, అరచేతితో తడిమాడు. ఎక్కడికో వెళ్ళి మరమేకులు తీసే పనిముట్టుతో తిరిగివచ్చాడు.

"ఏయ్, అది ప్రభుత్వ ఆస్తి!" అన్నాడు సూపర్‌వైజరు.

"మా తాత ఎవరి ఆస్తిరా?" అంటూ, కబురు విని కోడలితో, గుమ్మం అక్కతో కలిసి వచ్చిన ఇస్త్రీ ఆవిడ అడ్డం నిలబడింది.

"ఈ తలుపు నేను అడిగి మూయించుకున్నది," అన్నాడు కండక్టరు. "నేనే ఊడదీస్తా. చెల్లీ, ఆ పక్క పట్టుకో."

కోడలు పట్టుకుంది. గుమ్మం అక్క పట్టుకుంది. తలుపు బందుల నుంచి ఊడివచ్చింది. తాళం దానికే వేలాడుతోంది. దాని మీద తాతను పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. బతికుండగా దాటనివ్వని తలుపే ఆయనను పురపాలక కార్యాలయానికి మోసుకుపోయింది.

షెడ్డులో మిషన్లు ఆగాయి. కుట్టుపనివాళ్ళు వేళ్ళకు దారప్పోగులతోనే రోడ్డెక్కారు. కండక్టరు తోటివాళ్ళు బస్సులు పక్కకు నిలిపారు. ముందు నడుస్తున్న కండెలత్త తన ఎప్పటి ప్రశ్న అడిగింది. ఈసారి వెనకనున్నవాళ్ళంతా అందుకున్నారు.

"చెవి ఎవరి దగ్గర?"

కళాశాల గేటు దగ్గర విద్యార్థులు అయోమయంగా చూశారు. "ఏం చెవండీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"రెండూనమ్మా," అంది గుమ్మం అక్క. "తాళానిదీ, వినేదీ. ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే పోతున్నాం."

ఆ అమ్మాయి పుస్తకాలు సంచిలో పెట్టుకుని తలుపుకు ఒక మూల భుజం పట్టింది.

కార్యాలయం గేటు మూసి ఉంది. "గుమ్మంలో మనిషిని పెట్టండి! మా మధ్యాహ్నాలు మాకివ్వండి!" అని అరుస్తుండగానే పోలీసులు వచ్చారు. కండక్టరును పట్టుకోబోతే కోడలు అడ్డుపడింది. "శవం అతని భుజం మీదుంది, కళ్ళు కనపట్టం లేదా? తలుపు తీసింది నేను." "నేను కూడా," అంది గుమ్మం అక్క. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేసినందుకు ఇద్దరినీ వ్యానెక్కించారు. "నువ్వు నాన్నని సాగనంపి రా అన్నా," అని కోడలు వ్యానులోంచి అరిచింది. "మా అత్తని చూసుకోండి! వెనకనుంచి పట్టుకోవద్దు!"

కండెలత్తను ఎవరూ పట్టుకోలేదు. ఆమె వ్యాను పోయిన దారినే నడిచింది. జనం ఆమె వెంట నడిచారు.

స్టేషనులో ఇనుప ఊచల గది తెరిచి ఇద్దరినీ లోపలికి నెట్టారు. తాళం పడిన చప్పుడు వసారాలోకి స్పష్టంగా వినిపించింది. కండెలత్త కట్లు కట్టిన చేతులు పైకి లేచాయి. ఇక అరుస్తుందనీ, గోడలకేసి కొట్టుకుంటుందనీ అందరూ భయపడ్డారు. ఇస్త్రీ ఆవిడ ఎదురుగా వచ్చి, "అత్తా, చెయ్యి పట్టుకోనా?" అంది.

ముసలామె తల అడ్డంగా ఊపింది. గోడ పట్టుకుని మెల్లిగా వంగి, స్టేషను గుమ్మంలో కూర్చుంది.

"లే మామ్మా. ఇక్కడ కూర్చోకూడదు," అన్నాడు కానిస్టేబులు.

"ఇది ఉద్యోగం నాయనా," అంది కండెలత్త. తల లోపలికి తిప్పి గొంతెత్తింది. "అమ్మాయ్, భయపడకే. గుమ్మంలో నేనున్నా."

లోపల కోడలు ఊచల్లోంచి చెయ్యి బయట పెట్టింది. గుమ్మం అక్క, "విన్నాం అత్తా," అంది.

ఇస్త్రీ ఆవిడ ముసలామె పక్కన కూర్చుంది. ఆమె పక్కన కళాశాల అమ్మాయి. మెట్ల మీద, వాకిట్లో, రోడ్డు అంచు వరకూ ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. నినాదం ఎవరూ ఇవ్వలేదు. కండెలత్త కానిస్టేబులు ముఖంలోకి చూసి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ లేనంత నిదానంగా అడిగింది.

"చెవి ఎవరి దగ్గర?"

కానిస్టేబులు చెయ్యి, అతనికి తెలియకుండానే, జేబు మీదికి వెళ్ళింది.

గుమ్మంలో కూర్చున్నవాళ్ళందరూ అది చూశారు.