గేటు దగ్గర కూసే కర్ర

నేను ఒక అనుమానపు కర్రను. నా పెట్టె మీద మెటల్ డిటెక్టర్ అని అచ్చు వేశారు గాని, ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు తక్కువ. మూరెడు పొడవు, నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పిడి దగ్గర ఒక ఎర్ర దీపం, కడుపులో ఒక బ్యాటరీ. లోహం దగ్గరికొస్తే కుయ్యిమంటాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. వచ్చింది తుపాకీయా, తాళంచెవా అన్నది నాకు తెలియదు. అందరినీ సమానంగా అనుమానించడంలో ఒక సుఖం ఉంది. అది అనుభవిస్తే గాని తెలియదు.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించిన అమ్మాయి పరీక్ష కోసం నన్ను తన మెడలోని పుస్తెల దగ్గర పెట్టుకుంది. కూశాను. "మొదటి దొంగను నేనేనన్నమాట!" అని పక్కదానితో నవ్వింది. ఆ నవ్వు వెనక ఏం దాచిందోనని నాకు చాలా రోజులు అనిపించింది.

తర్వాత రెండేళ్లు విజయనగరంలో ఒక సినిమాహాలు గుమ్మంలో పనిచేశాను. నేను కూయగానే మనుషులు జేబులోంచి లైటరో చిల్లరో తీసి చూపించి, తప్పు చేసినవాళ్లలా నవ్వేవారు. తప్పు చేయనివాళ్లకు అంత నవ్వెందుకు? హాలు మూతపడ్డాక అదే ఊళ్లోని ఒక ప్రైవేటు హైస్కూలు నన్ను కొనుక్కుంది.

అందుకు కారణం ఎక్కడో ఉందని తర్వాత గేటు దగ్గర విన్నాను. దూరదేశంలో ఒక కుర్రాడు తుపాకీతో బడిలోకి దూరి కాల్చాడని టీవీలో మూడు రోజులు చూపించారు. నాలుగో రోజు స్కూలు కరస్పాండెంట్ మోహనరంగం గారు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఒకాయన గోడ ఎత్తు పెంచమన్నాడు. ఒకావిడ వెనక గేటుకు తాళం వేయమంది. "తాళం వేస్తే ఏదైనా అయినప్పుడు పిల్లలు ఎటు పోతారమ్మా?" అని ఇంకొకాయన అడిగాడు. ఎవరి భయం వాళ్లది, అన్నీ నిజమైన భయాలే. చివరికి గేటు కాసే తవిటయ్యను అడిగారు. ఆయన పద్దెనిమిదేళ్లు మిలిటరీలో ఉండి వచ్చినవాడు.

"తుపాకీ దానంతటది నడిసి రాదు బాబూ," అన్నాడు తవిటయ్య. "పట్టుకొచ్చే మనిషిని ముందు సూడాల."

"మనిషిని చూసే మిషన్ ఎక్కడ దొరుకుతుందయ్యా?" అన్నారు మోహనరంగం గారు. అందరూ నవ్వారు. మర్నాడే నేను వచ్చాను. నన్ను పట్టుకుని నిలబడ్డ తవిటయ్య ఫొటో ఆ ఏటి అడ్మిషన్ల కరపత్రం మీద వేశారు.

ఇక రోజూ పొద్దున్నే నా పండగే. జామెట్రీ బాక్సు, కూత. స్టీలు నీళ్ల సీసా, కూత. మొలతాడుకు కట్టిన వెండి తాయెత్తు, కూత. చిన్నపిల్లలు నన్ను చూసి ముందే చేతులు పైకెత్తడం నేర్చుకున్నారు. ఆటల్లో కూడా ఒకరి సంచి ఒకరు తడుముకునేవారు. నా విద్య వాళ్లకు త్వరగానే అబ్బింది. తవిటయ్యకు మాత్రం నెల తిరక్కుండానే నా కూత అలవాటైపోయింది. "జామెట్రీ బాక్సే కదా, ఎల్లు," అని సంచి విప్పకుండానే పంపేసేవాడు. నిజం చెప్పాలంటే ఆ తప్పు సగం నాదే. అన్నిటికీ ఒకే గొంతుతో అరిచేవాడి మాట ఎవరు వింటారు?

మధ్యాహ్నం ఎర్నమ్మ వచ్చేది. పద్నాలుగు ఇళ్ల నుంచి వేడి వేడి కేరేజీలు సేకరించి, గంపలో పెట్టి మోసుకొచ్చే మనిషి. నేను రాకముందు ఆవిడ వరండాలో కూర్చుని చిన్నవాళ్లకు కలిపి పెట్టేదట, పెద్దవాళ్లు తినేదాకా కదిలేది కాదట. గంప నిండా స్టీలే కాబట్టి నేను గుక్కపట్టి కూశాను. బయటివాళ్ల దగ్గర కూసినది ఏదీ లోపలికి రాకూడదని మోహనరంగం గారి ఆర్డరు. కేరేజీలు గేటు బల్ల మీద పెట్టాలి, ఆయా తీసుకెళుతుంది, ఖాళీవి రెండు గంటలకు మళ్లీ బల్ల మీదికే వస్తాయి.

"ఈ కర్రకి నా గంపలో బాంబు కనబడిందేటన్నా?" అంది ఎర్నమ్మ.

"దానికి నా బెల్టు బిళ్ల కూడా బాంబేనప్పా," అన్నాడు తవిటయ్య.

ఇద్దరి మీదా నాకు అనుమానం ఇంకాస్త పెరిగింది.

దసరా సెలవుల తర్వాత ఒక శుక్రవారం, రెండింటికి ఎర్నమ్మ బల్ల మీది కేరేజీలు ఒక్కొక్కటీ ఎత్తి చూసి, ఒకదాని దగ్గర ఆగిపోయింది. తొమ్మిదో తరగతి దినకర్‌ది.

"నాలుగు దినాలైంది అన్నా, ఈ గుంటడి కేరేజీ ఎలా ఎల్లిందో అలాగే తిరిగొస్తంది. ఆడికి దొండకాయ ఏపుడంటే పేనం. అదీ ముట్టలేదు. ఒక్కసారి సూసొస్తాను, ఎల్లనీ."

"ఆర్డరు నీకు తెల్దా?"

"ఆర్డరుకి ఆకలేస్తాదేటి?"

తవిటయ్య ఆవిడ ముఖం చూశాడు. కేరేజీ చూశాడు. ఆ నాలుగు రోజులూ దినకర్ సంచి మీద నేను కూస్తే తనే "ఎల్లు" అన్న సంగతి గుర్తొచ్చిందేమో, గేటు తీశాడు. నన్ను ఆపడం మరిచి బెల్టులో దోపుకుని, తనూ వెంట నడిచాడు. బెల్టు బిళ్ల పక్కనుంచి నేను దారంతా ఏడుస్తూనే వెళ్లాను.

సైకిళ్ల షెడ్డు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు దినకర్. జామెట్రీ బాక్సు ఒళ్లో ఉంది. రెండు చేతులూ దాని మీదే. ఎర్నమ్మ పక్కన కూలబడి, వెంట తెచ్చిన కేరేజీ మూత తీసి, అన్నం కలిపి ముద్ద చేసింది.

"సల్లారిపోనాది గాని, తిను నాయనా."

రెండు ముద్దలు తిన్నాడు. మూడోది వద్దని తల అడ్డంగా ఊపాడు. ఏడుస్తూ బాక్సు తెరిచాడు. కంపాసు, స్కేలు, వాటి కింద పండ్లు కోసే చాకు.

వాడికి మాట తడబడుతుంది. క్లాసులో పాఠం చదువుతుంటే ముగ్గురు పిల్లలు ఫోనులో తీసి, ఊరంతా పంపి నవ్వుకున్నారట. "వా... వాళ్లు మళ్లీ నవ్వితే..." అన్నాడు. చాకు వైపు చూశాడు.

తవిటయ్య చాకు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను ఆపేశాడు. పని మధ్యలో నన్నెవరైనా ఆపడం అదే మొదలు. 

సాయంత్రం ఆఫీసులో మోహనరంగం గారు ఒకటే మాట పట్టుకున్నారు. "టీసీ ఇచ్చి పంపేయండి. రేపు ఎవడికైనా ఏమైనా అయితే నేనేం జవాబు చెప్పాలి?" ఆ భయం అబద్ధం కాదు. 

"పంపేస్తే ఆడి కోపం కూడా ఆడితోనే బయటికెల్తాది బాబూ," అన్నాడు తవిటయ్య. "ఇక్కడుంటే రోజూ మన కళ్లెదురుగా ఉంటాది. సంచి సూడకుండా వదిలేసిన తప్పు నాది. కావలిస్తే నన్ను తీసేయండి."

హెడ్‌మిస్ట్రెస్ సువర్చల గారు టీసీ పుస్తకం పక్కకు నెట్టారు. తర్వాత నలుగురు పిల్లల ఇళ్లకూ ఫోను చేయించారు. ఆ ముగ్గురూ పెద్దల ముందు ఆ వీడియో చెరిపారు. దినకర్ బడిలోనే ఉన్నాడు. తవిటయ్యా ఉన్నాడు. ఎర్నమ్మను మళ్లీ వరండాలోకి రానిచ్చారు. నిండుగా తిరిగొచ్చిన కేరేజీ ఏదైనా ఉంటే సువర్చల గారికి చెప్పి వెళ్లడం ఆవిడ పని అయింది.

తర్వాతి మీటింగులో మోహనరంగం గారు నన్ను పైకెత్తి, "ఈ యంత్రం ఉండబట్టే ప్రమాదం ముందే తెలిసింది," అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు. నన్నెవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు గేటు గదిలో మేకుకు వేలాడుతున్నాను. బ్యాటరీ అయిపోయి ఏడాదైంది, కొత్తది వేయలేదు. కరపత్రం మీద నా ఫొటో మాత్రం ఈ ఏడు ఇంకా పెద్దదైంది. పొద్దున తవిటయ్య ఒట్టి చేతులతో నిలబడి, ఒక్కొక్కరినీ "ఏటి తిన్నావు?" అని అడుగుతాడు. ఎర్నమ్మ గంప కింద తల మీద పెట్టుకునే చుట్టకుదురు నా పిడికే తగిలిస్తుంది.

రెండింటికి ఇంటికి వెళ్లబోతూ గేటు దగ్గర ఆవిడ, ఇప్పుడు పదో తరగతిలో ఉన్న దినకర్ కేరేజీ ఎత్తి ఊపుతుంది. ఖాళీ గిన్నెలు గలగలమంటాయి. నిజంగా తిన్నాడా, కాకులకు పోశాడా అని నాకు అనుమానం. ఎర్నమ్మకూ అదే అనుమానం ఉన్నట్టుంది. మూత తీసి వెలుగులో పెట్టి చూస్తుంది. గిన్నె అడుగున పెరుగులో నాలుగు వేళ్ల చారలు.

తవిటయ్య వైపు చూసి తలూపుతుంది. ఆయన గేటు తీస్తాడు.