అడిగి తీసుకోవలసిన గడియారం

జాన్‌బాబు ఎప్పటిలాగే కుర్చీని మెట్లకు ఎదురుగా, వీపు గోడకు ఆనేలా వేసుకున్నాడు. మైత్రీవనం వెనక సందులో నాలుగంతస్తుల కోచింగ్ సెంటరుకు ఆయన వాచ్‌మన్. యాభై ఎనిమిదేళ్లు, నెరిసిన పొట్టి క్రాపు, ఎడమ బొటనవేలికి గోరు లేదు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో మందుపాతరలు తీసిన మనిషి. ఆ సంగతి నోరు విప్పి చెప్పడు. బోరబండలో ఒంటిగది, ఆదివారం చర్చిలో చివరి బల్ల, అంతే ఆయన లోకం. నడక చూసి పిల్లలు ‘మేజర్ సాబ్’ అని ఆటపట్టిస్తే కోపమూ రాదు, నవ్వూ రాదు.

పదకొండు దాటింది. పైన రెండు వందల మంది పరీక్ష రాస్తున్నారు. మెట్ల కింద ఎవరిదో నల్ల సంచి కనిపించింది. వంగి చెవి పెట్టాడు. లోపల టిక్ టిక్‌మంటోంది.

భవనానికి ఉన్నవి ఆ మెట్లే. పిల్లల్ని దించాలంటే ఆ సంచి పక్కనుంచే దించాలి.

జాన్‌బాబు చెప్పగానే పోలీసులకు ఫోన్ చేసిన మేనేజరు కామరాజు, ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకున్నాడు.

“పోలీసులు బయల్దేరారంట. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఉన్నారు. మనకెందుకు, బయటికి రా జాన్‌బాబూ.”

“పైన పోరగాళ్లున్నరు సార్. ఫోన్ల చెప్పి వాళ్లను దిగనియ్యకుండ్రి. మీరు గేటు దాటి పోండ్రి.”

గేటు బయట సీతాబాయి టీ కొట్టు. తన చేతి గడియారం విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

“నేనొచ్చి అడిగేదాక ఇయ్యకు చెల్లె.”

“ఏందన్నా గిది?”

“మా దళంల గట్లనే చేస్తం.”

మందుపాతర దగ్గరికి ఒక్కడే వెళ్లాలి. వెళ్లేవాడు గడియారం వెనకవాడికిచ్చి, తిరిగొచ్చి తనే అడిగి తీసుకోవాలి. అడక్కుండా ఇస్తే కీడని వాళ్ల నమ్మకం. ఈ గడియారం దళంలో తనతో పనిచేసిన రాబిన్‌ది. ఇరవై రెండేళ్లయినా రాబిన్ అడగలేదు.

జాన్‌బాబు బోర్లా పడుకుని పాకాడు. భయమేసింది, రాబిన్ పోయిననాటి భయమే. జిప్పు జోలికి పోకుండా, పక్క కుట్టును బ్లేడుతో అంగుళం అంగుళం కోశాడు. ఛాతీలో ఎవరో గుద్దినట్టయింది. కాసేపు ఆగి మళ్లీ కోశాడు. తెగిన చోటు విడదీసి లోపలికి చూశాడు.

రెండు జతల బట్టలు, స్టీలు డబ్బాలో పులిహోర, ఒక అలారం గడియారం.

“గడియారమే సార్,” అన్నాడు బయటికొచ్చి. కామరాజు పగలబడి నవ్వి, పోలీసులకు చెప్పడానికి మళ్లీ ఫోన్ తీశాడు. జాన్‌బాబు టీ కొట్టు బల్లమీద, గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాడు. సీతాబాయి ఆయన ముందు టీ పెట్టింది. అలసిపోయాడు, కాసేపాగి అడుగుతాడులే అనుకుంది. గడియారాన్ని ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో గ్లాసులు కడిగింది.

పరీక్ష అయిపోయింది. రవళి అనే పిల్ల కోసిన సంచి పట్టుకుని వచ్చింది.

“హాస్టల్ల ఫోన్లు పెట్టనియ్యరు మేజర్ సాబ్, లేవనీకి కొనుక్కున్న. గట్లెట్ల కోసినరు?”

ఆయన పలకలేదు. ‘మేజర్ సాబ్’ అంటే ఎప్పుడూ పలకడు గనక ఎవరికీ అనుమానం రాలేదు. టీ మీద మీగడ కట్టింది. రవళి భుజం తడితే తల పక్కకు వాలింది.

అంబులెన్సు వెళ్లాక కామరాజు చెయ్యి చాపాడు. “ఆ గడియారం ఇలా ఇవ్వమ్మా, ఆఫీసులో పెడతాను.”

“ఆయన అడగాలె సార్,” అంది సీతాబాయి.

పొద్దుగూకేవేళకు అది టీపొడి డబ్బా పైన మేకుకు వేలాడుతోంది, టైము సరిగ్గానే చూపిస్తూ.