రోడ్డు మీద ఉలవలు

ఆ పొద్దు తెల్లవారినా తెల్లవారినట్టు లేదు. మదరాసు దిక్కున లేచిన మబ్బు మసిపట్టిన చట్టి అడుగులా వచ్చి గని దిబ్బల మీద కూర్చుంది. గాలి మాత్రం ఒక చోట నిలవడం లేదు. తూర్పు నుంచి ఒకసారి, దక్షిణం నుంచి ఒకసారి కొట్టి, వామి మీద కప్పిన టార్పాలు అంచు లేపి చూసి పోతోంది.

చౌడప్ప వామి చుట్టూ తిరుగుతున్నాడు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని మూసేశాక ఊరికొచ్చి సేద్యం పట్టుకున్న మనిషి. ఆ ఏటి ఉలవ పంటంతా వామిలోనే ఉంది, ఇంకా నూర్చలేదు. తడిసిందంటే గింజ కాయలోనే మొలకెత్తుతుంది, పొట్టుకు బూజు పట్టి ఎద్దులు మూతి పెట్టవు.

"ఇంగా ఏం చూస్తాండావప్పా? రోడ్డు మీద పరిచేద్దాం రా," అంది భార్య చిన్నవెంకటమ్మ పంగలకర్ర భుజాన వేసుకుని. "దాసప్ప ట్రాక్టరు తోలుకొస్తానన్న్యాడు. నాలుగు సుట్లు తొక్కిస్తే అయిపోతాది."

"జయరాముడికి మాటిచ్చినాను గదా."

చిన్నవెంకటమ్మ పంగలకర్ర దించలేదు. భుజం మాత్రం మార్చుకుంది.

బెంగళూరు నుంచి మదరాసుకు వేస్తున్న పెద్ద రోడ్డు వాళ్ళ చేనంచునే పోతుంది. పని అయింది గానీ బండ్లను ఇంకా వదల్లేదు. నున్నటి ఆ రోడ్డే ఇప్పుడు ఊరికి కళ్ళం. ఈ పొద్దు దాని మీద రెండు కార్లు పరుగెత్తబోతున్నాయి. పసుపుది రాబర్ట్‌సన్‌పేటలో నగల అంగడి నాగేంద్రప్పది, ఎర్రది బెంగళూరులో ఉండే ఆయన బావమరిది శ్రీకంఠయ్యది. రెండూ ఇళ్ళ ఖరీదు చేసేవే, రెండూ నేలకు పొట్ట ఆనించి పాకేవే. ఏది మేలని బావాబావమరుదులకు పోయిన ఉగాది నుంచీ వాదం. ఒకడి చెయ్యిని ఒకడు నమ్మడు కాబట్టి రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి ఒక్క మనిషే తోలి చెప్పాలన్నారు.

ఆ మనిషి చౌడప్ప కొడుకు జయరాం. రోజూ చీకటితో మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరులో ఏ బండి దొరికితే ఆ బండి తోలి, చీకటి పడ్డాక దిగేవాడు. ఇది బాగా జరిగితే తన దగ్గరే డ్రైవరుగా పెట్టుకుంటానన్నాడు నాగేంద్రప్ప. రోడ్డు ఖాళీ చేయించే పూచీ మాత్రం జయరాందే. ఊళ్ళో ఇంటింటికీ పోయి బతిమాలుకున్నాడు. కడాన తండ్రి దగ్గరికొచ్చి, "నువ్వు గూడా నాయనా," అన్నాడు.

"ఆయ్తు పోరా, నేనూ పరచను," అన్నాడు చౌడప్ప.

అప్పటికి మబ్బు లేదు.

"వాళ్ళొచ్చేది ఎండెక్కినాకే గదా," అంది చిన్నవెంకటమ్మ. "అంతలోకి ఎత్తేస్తాం."

"ఈ పొద్దు ఎండ యాడుండాది ఎక్కేదానికి?"

అన్నాడే గానీ టార్పాలు మీది రాళ్ళు దించేశాడు.

పరిచారు. దాసప్ప ట్రాక్టరు తెచ్చి గబగబా తొక్కించి, తన వామి తనకుందని వెళ్ళిపోయాడు. ఇద్దరూ పొట్టు ఎగదోస్తుంటే చౌడప్ప పాదాలకు ఏదో తగిలింది. గనిలో నేల అదిరితే చెవికంటే ముందు కాళ్ళకు తెలిసేది. ఆ అలవాటు పోలేదు.

"వచ్చేసినారే!" అని భుజం మీది ఎర్ర తుండు తీసి ఊపుతూ ఎదురుపోయాడు.

ఎర్రబండి కనిపించడం, పెద్దదవడం, ఆగడం అంతా ఒకే ఊపిరిలో అయిపోయింది. పరిచిన ఉలవకు నాలుగు బారలు ఇవతలే కాళ్ళు తన్నిపెట్టినట్టు నిలిచింది. స్టీరింగు దగ్గర జయరాం. పక్కన శ్రీకంఠయ్య సీటు పట్టుకుని నవ్వుతున్నాడు.

"చూసినావా నా బండి! ఎట్ల నిలిచిందో! ఎవురప్పా ఈ ముసలాయన?"

జయరాం తండ్రి మొహం చూడలేదు. ఆయన చేతిలోని తుండు చూశాడు.

"ఎవరో రైతు, సార్. పెద్దాయనా, ఇదంతా బిరబిరా తీసెయ్యి. ఇంగో బండి వస్తాది."

"తీస్తాను సామీ," అన్నాడు చౌడప్ప.

బండి వెనక్కి తిరిగిపోయింది. చిన్నవెంకటమ్మ పంగలకర్ర ఆనుకుని నిలబడిపోయింది.

"ఎవరో రైతంట!"

"ఇంకేం జెప్పమంటావు వాడిని? మాట తప్పింది నేను గదా. పట్టు, పట్టు."

అంతా తీసే వ్యవధి లేదు. బండికి ఒక పక్క చాలదా అనుకున్నాడు చౌడప్ప. ఎద్దులబండికి దారి వదిలినట్టు ఎడమపక్క పొట్టంతా కుడిపక్కకు లాగి పోగేశాడు. దారి నల్లగా తేలింది. ఊడ్వడం తోచలేదు. ఆ మబ్బు వెలుతురులో రోడ్డు రంగులో కలిసిపోయి పరుచుకున్న గింజలు కంటికి ఆనలేదు.

మొదటి చినుకు మెడ మీద పడింది. అదే క్షణాన పాదాలకు మళ్ళీ అదురు.

పసుపుది గొంతే వేరు. ఎర్రది ఉరిమితే ఇది ఈలవేస్తూ వస్తోంది. దారి ఉంది గదా అని చౌడప్ప కదల్లేదు. కానీ గాలి విసిరి కొట్టి పోగు మీది పొట్టును మళ్ళీ దారికడ్డం పడేసింది. చౌడప్ప దాన్ని లాగడానికి పంగలకర్రతో దారిలోకి దిగాడు.

జయరాం బ్రేకు తొక్కడం ఆయనకు వినబడింది. బండి ఆగలేదు. గింజల మీద పక్కకు తిరిగి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చి ఆయన మోకాలి ముందు నిలిచింది. పంగలకర్ర ఫట్టుమని విరిగి చక్రం కిందికి పోయింది.

"నాయనా!"

తలుపు ఎట్లా తీశాడో, జయరాం వచ్చి తండ్రి భుజాలు, చేతులు, కాళ్ళు తడుముతున్నాడు. "తగిల్నాదా? యాడ తగిల్నాది? చెప్పు నాయనా!"

"ఏం లేదురా. కట్టె ఇరిగింది, అంతే."

నాగేంద్రప్ప అవతలి వైపు నుంచి దిగాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. వెనకే ఎర్రబండి తోలుకొచ్చిన శ్రీకంఠయ్య అప్పుడే చప్పట్లు కొడుతున్నాడు.

"చూసినావా బావా? నాది నిలిచింది, నీది జారింది! ఇంగ వాదమే లేదు."

"ఊరుకోరా నువ్వు! ఏరా జయరామా, నాయనా అన్న్యావే? మీ నాయనా ఈయన?"

జయరాం అవునని తలూపాడు.

"ఊరందరికీ చెప్పినాను, రోడ్డు ఖాళీ అన్న్యావే. సొంత తండ్రికే చెప్పలేకపోతివా?"

"వాడు చెప్పినాడు సామీ," అన్నాడు చౌడప్ప. "నేనే ఇన్లేదు. వాన భయం." వంగి, చక్రం కింద నలిగిన గింజలు పిడికిట్లోకి తీసుకుని చూపించాడు. "బండి తప్పు గూడా లేదు. ఎర్రది వచ్చినప్పుడు నిలిచింది వట్టి రోడ్డు మీద. ఇది ఉలవల మీద జారింది. ఊడ్వలేదు నేను."

నాగేంద్రప్ప మొహానికి రక్తం తిరిగొచ్చింది. "విన్న్యావా శ్రీకంఠూ? నా బండికి ఏం తక్కువ లేదు!"

"అదంతా కుదర్దు బావా, జారింది జారిందే!"

"ఐతే రా, బేతమంగళం పక్క రోడ్డు శుభ్రంగా ఉండాది. ఎవడిది వాడే తోలుకుందాం!"

బండెక్కబోతూ జయరాం వైపు చూశాడు. "నువ్వింక డ్రైవరు పనికి రావద్దులేప్పా," అన్నాడు, దుకాణంలో వద్దన్న సరుకు పక్కన పెట్టినట్టు.

రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఉరుమూ ఈలా చాలాసేపు వినబడ్డాయి. ఏది ముందుందో ముగ్గురిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

చినుకులు చిక్కబడ్డాయి. జయరాం తెల్ల చొక్కా చేతులు మడిచాడు. బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, తల్లి చేతిలో పంగలకర్ర అందుకున్నాడు. పొట్టు టార్పాలులోకి, గింజ గోతాల్లోకి. చౌడప్ప మోకాళ్ళ మీద కూర్చుని, చక్రాలు గీసిన నల్లటి చారల వెంబడి చీపురుతో ఊడుస్తూ పోయాడు. ఆఖరి గోతాం కొట్టంలో దించాక వాన దభీమని పడింది.

చిన్నవెంకటమ్మ రాగిముద్దలు చేసి, ముందురోజు ఉలవచారు వేడిచేసి మూడు తట్టల్లో వడ్డించింది. నాగేంద్రప్ప దగ్గర పని పోయింది, కొడుక్కి రేపు చీకటితో మళ్ళీ మారికుప్పం రైలే. చౌడప్ప ముద్ద తుంచాడు గానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. చారులో రాయి లేదని తెలిసినా వేళ్ళతో వెతికాడు. పాదాలు నేలకు గట్టిగా ఆనించి, అదురు ఏమన్నా ఉందా అని చూశాడు. వాన తప్ప ఏమీ లేదు.

జయరాం తన తట్టలో ముద్ద సగం తుంచి తండ్రి తట్టలో పెట్టాడు. చౌడప్ప దాన్ని చారులో ముంచి మింగాడు. ముగ్గురూ తిన్నారు.