లక్ష్మీకాంత్ గారి హస్తవాసి

హస్తవాసికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదని డాక్టర్ లక్ష్మీకాంత్‌కు తెలుసు. జ్వరాల్లో చాలా భాగం వాటంతటవే తగ్గుతాయనీ తెలుసు. అయినా జనగామ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇరవై ఆరేళ్లుగా ఆ గుణాన్ని తన చేతికి అంటగడుతుంటే, ఆయన ఏనాడూ కాదనలేదు. పొగడ్త ఎదురైనప్పుడు శాస్త్రం కాస్త మొహమాటపడుతుంది.

ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే తబస్సుమ్ డాక్టరుగా చేరింది. ముప్పై ఏళ్లు నిండని ఈ డాక్టరమ్మ మందు మొదలుపెట్టే ముందు రక్తమో, పుండులోని చీమో తీయించి ల్యాబుకు పంపేది. అందులో ఏ క్రిమి పెరిగింది, అది ఏ మందుకు లొంగుతుంది అని చూసి మందు మార్చేది, చాలాసార్లు ఆపేసేది. మందులు తక్కువ రాసే డాక్టరు దగ్గర రోగులు నిలవరని లక్ష్మీకాంత్ నమ్మకంగా ఎదురుచూశాడు. నిలిచారు సరికదా, తన గది ముందు కూర్చున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే అటు జరగసాగారు. ఆయనకు అన్నం సహించడం మానేసింది.

బచ్చన్నపేట నుంచి కొమురవ్వ వచ్చింది ఆ రోజుల్లోనే. చక్కెర జబ్బు మనిషి. పాదంలో పత్తికట్టె దిగి, చీము పట్టి, ఒళ్లు కాలిపోతోంది. ‘ముందు చీము ల్యాబుకు, ఆ తరువాతే సూది’ అని తబస్సుమ్ కేసుషీటులో రాసి, అత్యవసరమని కబురొస్తే పై అంతస్తుకు వెళ్లింది.

కొమురవ్వ భర్త ఐలయ్య వరండాలో లక్ష్మీకాంత్‌కు అడ్డం తగిలాడు.

"సారూ, మీరొక్క సూది ఏస్తె మా తమ్ముని జరం పాయె. గీ డాక్టరమ్మేమో చీము సీసల పట్టి పంపుమంటున్నది. మామిడికాయ తొక్కు పెడ్తరా ఏంది?"

లక్ష్మీకాంత్ పడీపడీ నవ్వాడు. నెలల తరబడి ఆకలితో ఉన్న ఈర్ష్యకు ఆ మాట విందు భోజనమైంది. మిగతా మందులన్నీ ఓడినప్పటి కోసం దాచుకోవలసిన పెద్ద సూదిని అప్పటికప్పుడే వేయించాడు.

"మరి చీము, సార్?" అంది నర్సు.

"సాయంత్రం తియ్యండి."

షీటులో మందు పేరు రాశాడు, వేళ రాయలేదు.

తెల్లారేసరికి జ్వరం దిగింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది: ఏ క్రిమీ పెరగలేదు. "ల్యాబు కూడా నీ మాట వినలేదమ్మా" అన్నాడు లక్ష్మీకాంత్ తీయగా. తబస్సుమ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది.

నాలుగో రోజు చలిజ్వరం తిరగబెట్టింది. పాదం మీది ఎరుపు చీలమండ దాటింది. ఇంకో మూడు రోజుల్లో తగ్గకపోతే మోకాలి కింద కాలు తీసేయాలన్నాడు సర్జన్.

"సార్, క్రిమి లేకపోతే ఈ జ్వరం ఎక్కడిది?" అంది తబస్సుమ్. "చీము తీసేటప్పటికే సూది పడిందా?"

‘లేదు’ అంటే లక్ష్మీకాంత్‌కు సరిపోయేది, వేళ రాయని షీటు ఆయన్ని పట్టివ్వదు. కానీ ఆ అబద్ధాన్ని నమ్మితే క్రిమిని వెతకడం ఆగిపోతుంది, కాలు పోతుంది.

"పడింది" అన్నాడు. "చీము తీయడానికి ఆరు గంటలు ముందే. నేనే వేయించాను."

ఎత్తిపొడుస్తుందనుకున్నాడు. "మందు పడ్డాక తీసిన చీములో క్రిమి దొరక్కపోవచ్చు, ఆ రిపోర్టు చెల్లదు" అని మాత్రం అని, ఆమె పుండు లోతు నుంచి మళ్లీ నమూనా తీయడానికి వెళ్లింది. ఆ నిదానం మీదా ఆయనకు అసూయ కలిగింది.

రెండో రిపోర్టు అసలు సంగతి చెప్పింది. పెద్ద సూది మెత్తని క్రిములను చంపి, తనను లెక్కచేయని మొండిదానికి చోటు ఖాళీ చేసిపెట్టింది. ఆ మొండిది మాత్రం ఒక పాత చవక గోలీకి లొంగేదే. రెండు వేళ్లు తీయవలసి వచ్చింది, కాలు దక్కింది.

ఐలయ్య చేతులు జోడించి లక్ష్మీకాంత్ గదికే వచ్చాడు. "అంతా మీ చలవ సారూ."

"కాదు ఐలయ్యా. ఆ వేళ్లు పోయింది నా తొందరవల్ల. కాలు నిలబెట్టింది ఆమె."

"పెద్దోళ్లు గట్లనే అంటరు, పోనియ్యుండ్రి" అని ఐలయ్య ఇంకా వంగి దండం పెట్టాడు.

లక్ష్మీకాంత్ అతని భుజం పట్టుకుని తబస్సుమ్ గదికి తీసుకుపోయి, లోపలికి నెట్టాడు. తరువాత బయటే నిలబడి, వాళ్లు ఎంతసేపు మాట్లాడుకుంటారో అని గడియారం చూసుకోసాగాడు.