నర్సులు చేయించుకోని పరీక్ష

గది బయట ‘పరీక్ష జరుగుచున్నది, లోపలికి రాకూడదు’ అన్న అట్ట వేలాడుతోంది. లోపల గడియ వేసుకుని నలుగురు నర్సులు తార్నాక నుంచి తెప్పించిన సమోసాలు తింటున్నారు.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో మూడేళ్ల కిందటి మాట ఇది. మహిళా సిబ్బంది అందరూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మందు అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ వచ్చిందేమో చూడటమే ఆ పరీక్ష. బస్తీల్లో శిబిరాలు పెట్టి వందల మంది ఆడవాళ్లకు చేసింది వీళ్లే. తమ వంతు వచ్చేసరికి ఒక్కరూ బల్ల ఎక్కలేదు.

“రోజూ పక్కపక్కన కూర్చుని అన్నం తినేవాళ్లం. ఒకరికొకరం చూపించుకోవడం నా వల్ల కాదమ్మా,” అంది హెడ్ నర్సు గ్లోరీ.

ఆ నలుగురిలో స్వరూపకు నలభై నాలుగేళ్లు, భర్త పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆమె భయం వేరు. “గీ జబ్బు ఎట్లొస్తదో అందరికంటే మనకే ఎక్కువ ఎరుక. మొగుడు లేనిదానికి పరీక్ష ఎందుకని నవ్వుతరక్కా,” అంది.

కలయికతో సోకిన వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో దాగి ఉండి ఈ జబ్బు తెస్తుందనీ, ఆ నవ్వు తప్పు అనీ రోగులకు ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు. గ్లోరీ నాలుగు కాగితాల మీదా ‘నార్మల్’ అని రాసి సంతకం పెట్టింది. టీ చల్లారకముందే పని అయిపోయింది.

కిందటేడు స్వరూపకు వేళ తప్పి రక్తస్రావం మొదలైంది. కేంద్రంలోని డాక్టరమ్మ పాత కాగితం తీసి చూసింది. నార్మల్ అని ఉంది కాబట్టి, ముట్టు ఆగే వయసులో ఇది మామూలేనని మాత్రలు రాసింది. అది అబద్ధపు కాగితమని చెప్పడానికి స్వరూప నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. గ్లోరీ రిటైరవడానికి రెండేళ్లే ఉన్నాయి, బయటపడితే ఆమె ఉద్యోగానికే ముప్పు. సంతకం గ్లోరీది, అబద్ధం ఇద్దరిదీ.

ఏడు నెలలు అలాగే గడిచాయి. ఆ ఏడు నెలల్లో అదే బాధ చెప్పుకున్న ప్రతి రోగినీ స్వరూప ఆ రోజే పరీక్షకు పంపింది. తాను మాత్రం మాత్రలు మింగుతూ డ్యూటీ చేసింది. నడుము నొప్పితో మంచం పట్టాక, పెద్దాసుపత్రిలో జబ్బు మూడో దశ దాటిందన్నారు. మొదట్లోనే చూసి ఉంటే చిన్న చికిత్సతో పోయేదేమో అన్నారు.

మొన్న ఆదివారం గ్లోరీ తార్నాకలోని స్వరూప ఇంటికి పళ్లు పట్టుకుని వచ్చింది. అప్పటికే లింగమ్మ అక్కడుంది. మాణికేశ్వర్ నగర్‌లో ఉంటూ ఇళ్లలో పని చేసుకునే మనిషి. ఒకప్పుడు శిబిరం నుంచి సిగ్గుతో పారిపోబోతే స్వరూపే చెయ్యి పట్టి ఆపింది. మచ్చ బయటపడి, చికిత్స జరిగి, ఇప్పుడు నిక్షేపంగా ఉంది.

లింగమ్మ చాలాసేపు స్వరూప కాళ్లు ఒత్తుతూ కూర్చుని, చివరికి అడిగింది. “నన్ను తిట్టి తిట్టి బల్ల మీద పండబెట్టినవ్ గద సిస్టరమ్మా. నిన్ను పండబెట్టెటోళ్లు ఒక్కలు లేకపాయెనా?”

స్వరూప అంది, “మేం సిస్టర్లమనుకున్నం లింగమ్మా. ఆడోళ్లమనుకోలే.”

సిబ్బంది పరీక్షకు మళ్లీ ఆదేశం వచ్చిందనీ, చిన్న నర్సులు ఈసారి కూడా కాగితాలు నింపెయ్యమంటున్నారనీ, వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదనీ గ్లోరీ ఏడ్చింది.

“ముందు నువ్వు చేయించుకో అక్కా,” అంది స్వరూప. “అటెన్క వాళ్లకు చెప్పు. మన దగ్గర సిగ్గయితే ముషీరాబాద్ పోండ్రి, అంబర్‌పేట పోండ్రి, మొఖం ఎరుక లేనోళ్ల దగ్గర చూపించుకోండ్రి. చూడకుంట నార్మల్ అని రాసుకుంటే, జబ్బు ఆ కాయితం చదివి ఆగిపోదు.”