ఎదురెదురు గీతలు

కొత్త రోడ్డు పని అంతా ఆఫీసు గోడమీద ఒక్క కాగితంలో ఉంది. అడ్డంగా దూరం, నిలువుగా రోజులు. ఏ ముఠా ఏ రోజు ఎక్కడుంటుందో చెప్పే ఏటవాలు గీత ఒక్కొక్కటి. ఆ గీతలు గీసే ఆవిణ్ణి ఆఫీసులో అందరూ గీతలమ్మ అంటారు.

అందులో పచ్చగీత ఆమె భర్తది. రెయిలింగు బిగించే ముఠాకి అతను పెద్ద. దాని ముందున్న ఎర్రగీత, రోడ్డుకి అంచురాళ్లు పేర్చే ఆడమేస్త్రిది. పోయిన పనిలో లాగే రెండూ ఇంటి దగ్గరి కొస నుంచి అవతలి కొసకి, వేలెడు ఎడంతో పోతున్నాయి. చూసినప్పుడల్లా గీతలమ్మకి కడుపు మండిపోయేది.

మండదా మరి? పోయిన పని సాగినన్నాళ్లూ, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అతను మొదలుపెట్టేవాడు.

"ఆవిడ పని చూడాలి నువ్వు. దారం పట్టి కోసినట్టుంటుంది."

"మనిషెలా ఉంటుందో?"

"నాకేం తెలుసు? మేం వెళ్లేసరికి వాళ్లు ముందుకెళ్లిపోతారుగా."

ఆ మాట ఆమె చెవిదాకా వచ్చింది గానీ లోపలికి పోలేదు.

ఈసారి పచ్చగీతని చెరిపి, అవతలి కొస నుంచి ఇటు తిప్పి గీసింది. ఆవిడొక కొసన, ఈయనొక కొసన. ఇనుము దిగేది అటే కదా, రాళ్లు ముందైనా రెయిలింగు ముందైనా ఒకటే కదా అని ఇంజనీరుకి నచ్చజెప్పింది. ఆయన సంతకం పెట్టేశాడు.

కాగితం మళ్లీ గోడకెక్కాక గానీ ఆమెకి అసలు సంగతి కనబడలేదు. పక్కపక్కన నడిచినంతకాలం ఎక్కడా కలవని గీతలు, ఎదురెదురు తిప్పేసరికి నడిమధ్యన ఒకదాన్నొకటి కోసుకున్నాయి. ఒకే రోజు, ఒకే చోటు.

అప్పటికే రెయిలింగు స్తంభాలు అవతలి కొసన దించేశారు. అంతదూరం రోజూ వెళ్లిరాలేక అతను అక్కడి షెడ్డులోనే ఉండాల్సొచ్చింది.

"నన్ను ఇంట్లోంచి తరమడానికి ఇంత పెద్ద రోడ్డు కావాల్సొచ్చిందా?" అని నవ్వుతూ సంచీ భుజాన వేసుకున్నాడు.

అతని వీపు కనబడినంతసేపూ ఆమె గుమ్మంలోనే నిలబడింది. పోయేవాళ్ల వీపు చూడటమంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ భయం.

గీతలు కలిసే రోజున ఉండబట్టలేక పని దగ్గరికి వెళ్లింది. రాళ్ల లారీకి ఇనుము లారీ అడ్డం నిలబడి ఉంది.

"నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?" అంటోంది మేస్త్రి, నడుం మీద చెయ్యేసుకుని.

"నీ రాళ్లు ముందు జరుపు, చూద్దాం," అంటున్నాడు అతను.

ఒకరినొకరు చూసిన మొదటిరోజే నువ్వు అనుకోవడమా! పెళ్లయ్యాక తను అతన్ని నువ్వనడానికి ఎన్నాళ్లు పట్టిందని!

మేస్త్రి ఆమె వైపు తిరిగింది. "మీరేనా గీతలమ్మ? భలే కలిపారండీ మమ్మల్ని."

భార్యని చూడగానే అతని మొహం విప్పారింది. "ఇక్కణ్నుంచి రోజురోజుకీ ఇంటికి దగ్గరౌతాను," అన్నాడు.

నిజమే. అతను ఇటొస్తాడు, ఆవిడ అటు పోతుంది. ఊపిరి పీల్చుకోబోతూ ఆమె రోడ్డువంక చూసింది. ఇంటిదాకా బారుగా, దారం పట్టి కోసినట్టు అంచురాళ్లు. రోజంతా వాటి పక్కనే వంగి పనిచేసుకుంటూ వస్తాడు ఈయన. ఈసారి వాటి వెనక ఒక మొహం కూడా ఉంటుంది.

"ఏంటలా చూస్తున్నావ్?"

"ఏంలేదు," అంది. "రాళ్లు బాగానే పేర్చింది."