మెట్ల కింద మెస్, మూడో సీజన్

పెడనలో వెంకట్రామయ్య గారి కలంకారీ షెడ్డులో గురువారం మధ్యాహ్నం ఎవరూ పెద్దగా మాట్లాడరు. రంగులో ముంచిన అచ్చుని గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అందరూ సులోచన నవ్వు కోసం చెవులు రిక్కించి ఉంటారు.

సులోచనకి నవ్వు ఒక రోజు ముందొస్తుంది. అన్నిటికీ కాదు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లో వచ్చే ‘మెట్ల కింద మెస్’ అనే కామెడీ సిరీస్ ఒక్కదానికే. ఆ ఎపిసోడ్ చూస్తూ మర్నాడు ఎక్కడెక్కడ నవ్వబోతుందో, గురువారం అదే వేళకి అక్కడక్కడ నవ్వేస్తుంది. ఎందుకు నవ్విందో ఆవిడకీ తెలీదు. మర్నాడు చూశాక ‘ఓహో, ఇందుకా’ అనుకుని మళ్ళీ నవ్వుతుంది. ఆ నవ్వుకి చెయ్యి అదిరి పువ్వు మీద పువ్వు పడ్డ తానుల్ని వెంకట్రామయ్య గారు గురువారం సరుకని పక్కన పెట్టించి చవగ్గా అమ్మేస్తారు. వాన ముందు కొందరికి మోకాళ్ళు నొప్పెడతాయి, ఇదీ అలాంటిదేనని ఊళ్ళో అనుకున్నారు.

గుడివాడ రైల్వేస్టేషన్ ఎదురుగా, ఒక మేడ మెట్ల కింద పానకాలు అనే వంటవాడు నడిపే మెస్ కథ అది. మొదటి సీజన్‌కి సులోచన లెక్కలో వంకలేదు. పానకాలు లేచినప్పుడల్లా మెట్టు నెత్తికి తగిలేది. తగిలినప్పుడల్లా ఒక మాట అనేవాడు. ఆ మాటకి ఎదురుగా తింటున్నవాడి గుట్టు బయటపడేది. నవ్వుతూ నవ్వుతూనే వాడి మీద జాలేసేది. రెండో సీజన్లో పెళ్ళిచూపులు సాగదీశారు, పోన్లే అని క్షమించింది. మూడో సీజన్లో మాత్రం మెస్‌ని మేడ మీదికి ఎక్కించి, ఏసీ పెట్టి, పానకాలుకి తెల్లకోటు తొడిగారు.

“నెత్తికి ఏదీ తగలని చోట పానకాలు ఏం చేస్తాడే?” అని పక్క బల్ల మీద అచ్చులేసే ఝాన్సీతో రోజూ వాదనే.

“నీకన్నీ పాతవే బాగుంటాయక్కా.”

“పాతవని కాదు. కడుపు నిండినవాడి మీద జోకెయ్యడం కష్టం. రాసేవాళ్ళకి చేతకావట్లేదు.”

వారం వారం గురువారాల నవ్వులు తగ్గుతూ వచ్చాయి. కిందటివారం ఒక్కసారి నవ్వింది, అదీ సగంలో ఆగిపోయింది. సీజన్ చప్పబడిందని షెడ్డంతా ఒప్పుకుంది. గంజి గుడ్డలు మడతపెట్టే తాతమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

“కథ చప్పబడితే నవ్వు తగ్గుద్ది. నీ మొహంలో కళ ఎందుకు తగ్గుద్దే?” అంది. సులోచన ఆ మాట పట్టించుకోలేదు.

ఆవిడ భర్త గోపీనాథ్‌ది కూడా ఆ షెడ్డులోనే పని. రంగులో ఉడికిన తానుల్ని వెనక ఉన్న కాలవలో జాడించి తెస్తాడు. పానకాలు ఎవడో, ఆ మెస్ ఏమిటో మూడు సీజన్లుగా ఆయనకి పట్టలేదు. ఈమధ్య నీళ్ళలో వంగి లేచేసరికి కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడు. ఎగువన వానలు పడి కాలవ ఎర్రగా, గట్టు అంచుదాకా పారుతోంది. తోడుగా దిగేవాడు పని మానేశాడు. బందరు వెళ్ళి డాక్టరుకి చూపించుకోమంటే, ఈ ఆర్డరు కానివ్వవే అంటాడు.

ఆ గురువారం సులోచనకి నవ్వు రానేలేదు. అన్నాలు తినడం అయిపోవచ్చింది. ఉడికే కాగు దగ్గర్నుంచి పొగ వస్తోందేమో అనుకుని కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నీళ్ళొచ్చాయి. తర్వాత గుండెలోంచి తన్నుకొచ్చింది ఏడుపు. తడి ఆరని గుడ్డ మీద తల ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. లేచేసరికి చెంప మీద ఎర్రటి పువ్వు అచ్చు పడి ఉంది. ఎవరూ దగ్గరికి రాలేదు. రేపటి ఏడుపుకి ఇవాళ ఏమని ఓదారుస్తారు?

“పానకాలుని చంపేస్తున్నారక్కా,” అంది ఝాన్సీ నెమ్మదిగా.

అదే అయ్యుంటుందని అందరూ అనుకున్నారు. సులోచనకి దుఃఖం పోయి కోపమొచ్చింది. కథ నడపడం రాక మేడెక్కించారు, దింపడం రాక చంపుతున్నారు. సాయంత్రం వంట చేస్తున్నా ఆ రాసేవాళ్ళనే తిట్టుకుంటోంది.

“ఇవాళ మళ్ళీ కళ్ళు తిరిగినయ్యే,” అన్నాడు గోపీనాథ్ కంచం ముందు కూర్చుని. “గుంజ పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డా.”

“కామెడీ అని చెప్పి మనిషిని చంపుతారా అండీ ఎవరైనా?” అంది సులోచన.

ఆయన మజ్జిగ పోసుకుని తినేశాడు.

శుక్రవారం ఫోన్‌ని ఒక పెద్ద అచ్చుకి ఆనించి, క్యారేజీలు విప్పుకుని చుట్టూ కూర్చున్నారు ఆడవాళ్ళంతా. తాతమ్మ పమిట చెంగు ముందే చేతిలోకి తీసుకుంది. కానీ ఎపిసోడ్ వాళ్ళు అనుకున్నట్టు లేదు. పానకాలు తెల్లకోటు విప్పి పారేశాడు. పొయ్యి నెత్తిన పెట్టుకుని మేడ దిగి, మళ్ళీ మెట్ల కిందికి వచ్చేశాడు. రాగానే నెత్తికి మెట్టు తగిలింది. షెడ్డు పగలబడి నవ్వింది. సీజన్ మొత్తానికి ఇంత బాగా రాసిన ఎపిసోడ్ లేదు. సులోచన మాత్రం నవ్వలేదు. ఇంత బాగా రాశారంటే చంపడానికేనని బిగపట్టుకుని కూర్చుంది.

పానకాలు తలకి కట్టు కట్టుకుని వడ్డిస్తున్నాడు. పప్పు వేశాడు, పులుసు పోశాడు. ఫోన్ తెర అడుగున ఎర్రగీత చివరికి వచ్చేసింది.

“ఇంక చావడానికి టైమెక్కడుందక్కా? నీ ఏడుపు తప్పింది,” అని ఝాన్సీ నవ్వింది.

తనకి ముందొచ్చింది ఎప్పుడూ తప్పదని సులోచనకి తెలుసు. మరి పానకాలు కోసం కాకపోతే ఎవరి కోసం? తలెత్తి చూసింది. కిటికీలో గోపీనాథ్ క్యారేజీ, పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆకలికి ఒక్క నిమిషం ఆగలేని మనిషి ఇంకా అన్నానికి రాలేదు.

మూడు సీజన్లలో ఎపిసోడ్ అయిపోకుండా ఆవిడ లేవడం అదే మొదటిసారి. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

కాలవ గట్టు మీద మనిషి లేడు. గుంజకి ఒక కొస కట్టిన తాను నీళ్ళలో బిగిసి లాగుతోంది. రెండో కొస దగ్గర, గుడ్డ ఒంటికి చుట్టుకుపోయి, గోపీనాథ్ జుట్టు కనిపిస్తూ మునుగుతూ ఉంది. సులోచన అరవలేదు. తానుని రెండు చేతులా పట్టుకుని లాగింది. తను వేసిన పువ్వులే, ఒక్కొక్క వరసా నీళ్ళలోంచి పైకొచ్చాయి. బరువుకి అరచేతులు చీరుకున్నాయి. సగం లాగేసరికి వెనక ఝాన్సీ, మిగతావాళ్ళు వచ్చి పట్టారు. గట్టు మీద బోర్లా వేసి వీపు మీద గుద్దితే, చాలాసేపటికి నీళ్ళు కక్కి దగ్గాడు.

బందరు ఆస్పత్రిలో షుగరు పడిపోయిందన్నారు. రెండురోజులు ఉంచుకుని పంపారు. ఆటోలో వెళ్ళేటప్పుడూ, మంచం పక్కన కూర్చున్నప్పుడూ సులోచన కంట్లో ఒక్క చుక్క రాలేదు. మనిషి రాయైపోయిందేమిటని ఝాన్సీ భయపడింది.

“గురువారమే ఏడ్చేసిందిగా,” అంది తాతమ్మ.

ఇంటికొచ్చాక సులోచనకి ఒకటే ఆలోచన. ఆ ఎపిసోడ్ చివరిదాకా కూర్చుని ఉంటే, పానకాలు అందరికీ పెరుగు వేసి చెయ్యి కడుక్కునేసరికి ఎవరో కాలవ దగ్గర్నుంచి కబురు తెచ్చేవాళ్ళు. గురువారం ఏడ్చింది అందుకు. గోపీనాథ్ నోరు విప్పి చెప్తుంటే, తనేమో అసలు లోకంలోనే లేని మనిషి చావు గురించి దెబ్బలాడింది. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది.

మళ్ళీ గురువారం వచ్చింది. మర్నాడు ఆఖరి ఎపిసోడ్. మధ్యాహ్నం గోపీనాథ్ మంచం మీద నిద్రపోతున్నాడు. సులోచన పక్కనే కూర్చుని, నవ్వొస్తుందా ఏడుపొస్తుందా అని ఊపిరి బిగపట్టింది. ఏదీ రాలేదు. వేళ దాటిపోతోంది. ఆయన గుండె మీద చెయ్యి వేసి చూసింది. అప్పుడు, ఉన్నట్టుండి, కడుపులోంచి ఇంత నవ్వొచ్చింది. నవ్వాపుకోలేక మంచం కోడు పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి లేచి ఏమైందన్నాడు.

“రేపటిదాకా మీకేం కాదండీ. పడుకోండి,” అంది.

శుక్రవారం ఇద్దరూ కలిసి చూశారు. సీజన్ ముగింపు పరమ నాసిగా ఉంది. అందరికీ పెళ్ళిళ్ళు చేసి, చివర్లో పాట పెట్టేశారు. నవ్వే చోటు ఒక్కటీ లేదు. పాట సగంలో గోపీనాథ్ అడిగాడు.

“ఇంతకీ ఈ తలకి కట్టు కట్టుకున్నాయన ఎవరే? పాపం, ఎక్కడ పడ్డాడు?”

నిన్న నవ్విన నవ్వే, మంచం కోడు పట్టుకుని మళ్ళీ నవ్వింది సులోచన.

పాట అయిపోయి పేర్లు పడుతుంటే నవ్వు ఆగిపోయింది. ఎపిసోడ్ లేకపోతే వచ్చే గురువారం ఏమీ తెలీదు. ఆ పై గురువారమూ అంతే. ఆర్డరు ఇంకా మిగిలే ఉందని, ఆయన సోమవారం నుంచి పనికి వెళ్తానంటున్నాడు. కాలవ ఇంకా నిండుగానే ఉంది.

ఫోన్ తీసి, ఎపిసోడ్ కింద అందరూ రాసే చోట, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: “మూడో సీజన్ ఏం బాగోలేదండీ. పానకాలుని పాడుచేశారు. ఎంత చెత్తగా తీసినా సరే, నాలుగోది తీయండి. త్వరగా తీయండి.”